పైడిరాజు నీడ

మూడోసారి కూడా తప్పితే జోషిత ఇక ఈ జన్మకు డాక్టరు కాలేదు. నియమం అలాంటిది. ఎంబీబీఎస్ పట్టా చేతికొచ్చినా, హౌస్ సర్జన్‌గా ఏడాది పాటు వార్డుల్లో నలిగినా, విశాఖపట్నంలోని అర్హతా కేంద్రంలో చివరి లైసెన్సు పరీక్ష గట్టెక్కనిదే ఎవరూ సొంత సంతకంతో ఒక్క మాత్ర కూడా రాయకూడదు. మొదటిసారి ఆమెకు మూర్ఛలతో కొట్టుకుంటున్న పసిబిడ్డ కేసు వచ్చింది. ఆ బిడ్డ మూలుగు విని చేతులు ఆడక నిలబడిపోయింది. రెండోసారి పాము కాటు. ఏం చెయ్యాలో తెలుసు, కానీ తెలిసింది చేసేలోపు గంట మోగింది.

తల్లి అరుణకు గాజువాకలో చిన్న కుట్టు దుకాణం ఉంది. భర్త పోయాక ఆ మిషను మీదే కూతురిని చదివించింది. కూతురు డాక్టరని వీధంతా ఆమె ఎప్పుడో చెప్పేసింది. ఇరుగుపొరుగు రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని వస్తే జోషిత చదివి చెప్పేది గాని కలం తీసేది కాదు. మందు రాయవేమ్మా అని ఎవరైనా అడిగితే లోపల గదిలోకి వెళ్లిపోయేది.

బొమ్మల మీదా, రోగుల్లా నటించే మనుషుల మీదా పరీక్ష పెట్టే రోజులు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు అభ్యర్థి చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఒక ఖాళీ గదిలో నిలబడాలి. అవతల యంత్రం మొదలవగానే ఎదుట మంచం కనిపిస్తుంది. మంచం మీద మనిషి ఉంటాడు. ముట్టుకుంటే ఒళ్లు వెచ్చగా తగులుతుంది, నాడి వేలికి అందుతుంది. మందిస్తే ఆ ఒంట్లో మందు పనిచేస్తుంది.

ఆ మనిషి కల్పన కాదు. ఏదో ఆసుపత్రిలో, ఏదో రోజున, చావుబతుకుల్లో ఉన్నప్పుడు అతని తలకూ ఒంటికీ సన్నటి తీగల వల తొడిగి, ఆ ఆఖరి గంటల్లో అతని నరాల్లో, నెత్తుట్లో, ఊపిరిలో జరిగిందంతా పట్టి ఉంచారు. కాగితాల మీద దాని పేరు సజీవ ప్రతి. పరీక్షకు వచ్చే పిల్లలు మాత్రం నీడ అంటారు. సరైన వైద్యం చేస్తే నీడ తేరుకుంటుంది, తప్పు చేస్తే కుంగిపోతుంది. ప్రాణం పోయే ముందే గంట మోగి అంతా చీకటవుతుంది. తరవాతి అభ్యర్థి వచ్చేసరికి నీడ మళ్లీ మొదటి క్షణం నుంచి, ఏమీ తెలియకుండా లేస్తుంది. నీడలు వచ్చాక కొత్త డాక్టర్ల చేతుల్లో చావులు బాగా తగ్గాయని ఎవరిని అడిగినా ఒప్పుకుంటారు.

మూడోసారి జోషిత అద్దాలు పెట్టుకోగానే కనిపించిన మనిషికి నలభై అయిదేళ్లుంటాయి. మంచం మీద ముందుకు వంగి కూర్చుని రొప్పుతున్నాడు. చొక్కా చెమటకు అంటుకుపోయింది. కాళ్లు వాచి నిగనిగలాడుతున్నాయి. పేరడిగితే బొడ్డు పైడిరాజు అనీ, ఊరు పలాస అనీ, పెళ్లిళ్లలో బ్యాండు మేళంతో క్లారినెట్ ఊదుతాననీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కొన్నాళ్లుగా జ్వరం, దగ్గు. పది రోజులుగా ఊదబోతే ఊపిరి అందడం లేదు.

గుండె నీరసించి నీరు పట్టిందనుకుంది జోషిత. అలాంటప్పుడు నీరు లాగేసే సూదిమందు ఇస్తారు. ట్రేలోంచి ఆ మందు తీసి సిరంజిలోకి ఎక్కించింది. పైడిరాజు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తొడుగులోంచి ఆ పట్టు బిగువు ఆమెకు తెలిసింది.

"ఆ సూది ఒద్దమ్మా," అన్నాడు. "అదిచ్చినోళ్లందరూ నన్ను సంపేసినారు."

సంధి ప్రేలాపన అనుకుంది. ఊరడించబోయింది. అతను వదల్లేదు. రొమ్ము ఎముక కింద, పొట్ట మొదలయ్యే చోట వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ పొడిసినోళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. అప్పుడు గుండి మీద బండ తీసేసినట్టుంటాది. ఊపిరొస్తాది. అంతలోనే సీకటైపోతాది. మళ్లీ ఈ మంచం. మళ్లీ ఈ ఆయాసం."

జోషిత సిరంజి కింద పెట్టింది. అతని మెడ వంక చూసింది. నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. స్టెతస్కోపు ఆనించింది. గుండె చప్పుడు గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. ఊపిరితిత్తుల్లో నీటి గురగుర లేనే లేదు. నాడి పట్టుకుంటే, అతను ఊపిరి పీల్చినప్పుడల్లా అది వేలి కింద మాయమవుతోంది. గుండె చుట్టూ ఉన్న సంచీలో నీరు నిండి గుండెను నొక్కేస్తోంది. ఇదంతా ఇందాకటి నుంచీ ఆమె కళ్ల ముందే ఉంది. అతను చెప్పేదాకా ఆమె చూడలేదు.

పొడుగాటి సూది అందుకుంటుంటే అతను మళ్లీ మాట్లాడాడు.

"నాను సెప్పినాను గదా, నువ్వు పాసైపోతావు. నాకొక మాటియ్యి. నన్నింక లేపొద్దని ఆళ్లకి సెప్పు."

"చెప్తాను," అంది జోషిత.

సూది దిగింది. ఎర్రటి నీరు సిరంజిలోకి పొంగింది. పైడిరాజు నిండుగా ఊపిరి తీసుకుని, వెనక్కి వాలి, ఆమె మొహంలోకి చూశాడు. అంతలో చీకటైంది.

ఫలితం సాయంత్రానికే వచ్చింది. అరుణ వీధిలో లడ్డూలు పంచింది. మెడికల్ రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించిన ఇత్తడి పలక కుట్టు దుకాణం పక్కనే తగిలించింది. జోషితకు అరకు కొండల దిగువన ఒక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగమైంది. అక్కడ ఆమె బాగానే పనిచేసింది. జ్వరాలు, కాన్పులు, తేలు కాట్లు. ఏ కేసు వచ్చినా నిలబడిపోవడం మానేసింది. పేరు కింద సంతకం పెట్టినప్పుడల్లా మొదట్లో ఒళ్లు పులకరించేది. తరవాత అదీ అలవాటైంది.

ఇచ్చిన మాట ఆమె మరిచిపోలేదు. ముందు ఉద్యోగం పర్మనెంటు కానీ అనుకుంది. ఆ తరవాత వర్షాలు తగ్గనీ, మలేరియా సద్దుమణగనీ అనుకుంది. అది నీడే కదా, మనిషి ఎప్పుడో పోయాడు కదా అని తనకు తాను చెప్పుకుంది. ఒక్కోసారి ఆ మాట నమ్మింది కూడా.

ఏడాది తిరిగాక ఆ కేంద్రానికి కౌశిక్ అనే కొత్త డాక్టరు వచ్చాడు. లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన పరీక్ష గురించి హుషారుగా చెప్పుకొచ్చాడు. తనకు వచ్చింది పలాస బ్యాండు మేళం ఆయన కేసట. గుండె చుట్టూ నీరని తాను ఇట్టే పట్టేశాడట.

"కానీ ఒకటి వింతగా అనిపించిందండీ," అన్నాడు. "యంత్రం మొదలయ్యేసరికే ఆయన ఏడుస్తున్నాడు. నేను నోరు తెరవకముందే, ఆ యమ్మ సెప్పనేదా అని అడిగాడు. బీపీ పడిపోయి మతి తప్పిందని పేపర్లో రాశాను. మార్కులు కూడా వేశారు."

జోషిత చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేసింది. డబ్బా మూత పెట్టి లేచింది. ఆ వారమే సెలవు పెట్టి విశాఖ బస్సెక్కింది.

పరీక్షల అధిపతి ప్రొఫెసర్ శేషశాయి నీడల యంత్రాన్ని కట్టిన వాళ్లలో ఒకడు. నెమ్మదస్తుడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. పలక తుడిచినా సుద్ద మరక కొంత మిగులుతుందనీ, మధ్యలో ఆపిన ప్రతిసారీ నీడలో అలాంటి మరక ఒకటి పడుతుందనీ, తమకు మొదటి నుంచీ తెలుసనీ అన్నాడు. చివరిదాకా నడిచి, గుండె ఆగాక మూసేస్తే ఏ మరకా మిగలదు. కాని అలా నడిపితే ఆ నీడ మళ్లీ లేవదు. మంచి కేసులు అంత సులభంగా దొరకవు.

"మరి ఆయనకు నొప్పి తెలుస్తోంది కదా, సార్."

"సుద్ద మరకకు నొప్పేమిటమ్మా," అన్నాడు శేషశాయి. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆమె వంక చూడలేదు. పోయిన నెల తన మనవరాలికి అరగంటలో ప్రాణం మీదికి వస్తే పాతికేళ్ల డ్యూటీ డాక్టరు నిలబెట్టాడనీ, ఆ అబ్బాయి చెయ్యి తిరిగింది ఈ నీడల మీదేననీ చెప్పాడు.

ఆమె పరీక్ష రికార్డు కూడా తాను విన్నానని అతను అన్నాడు. రోగి చెప్పింది వినడం కూడా వైద్యమేనని పాసు చేశాడట. నీడను మూసేయాలంటే నిబంధనల్లో దారి ఒకటే. దగ్గరి బంధువు స్వయంగా వచ్చి అంగీకారం వెనక్కి తీసుకోవాలి, లైసెన్సున్న డాక్టరు ఒకరు కారణం రాసిచ్చి, దగ్గరుండి మరణం ధ్రువీకరించాలి. నీడకు జ్ఞాపకముందన్నదే కారణమైతే, అది ఎలా తెలిసిందో కూడా రాయాలి. జవాబు రోగే చెప్పాడని కాగితం మీదికి వస్తే మాత్రం ఆమె పరీక్ష చెల్లదు. నాలుగో అవకాశం ఎవరికీ లేదు.

"ఇంటికెళ్లి ఆలోచించుకో," అన్నాడు. బెదిరింపుగా అనలేదు.

ఇంటికి వెళ్లి తల్లితో చెప్పింది. అరుణ మిషను తొక్కడం ఆపి విన్నది. చాలాసేపు గుడ్డ అంచు మడతపెడుతూ కూర్చుంది.

"ఆయన చెప్పకపోతే ఏం చేసేదానివి?" అని అడిగింది.

"చంపేసేదాన్నమ్మా."

అరుణ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అయితే పలాస వెళ్లమంది.

పైడిరాజు భార్య నీలవేణి జీడిపిక్కల బట్టీలో పనిచేస్తోంది. జోషిత వెళ్లేసరికి వరసగా కూర్చున్న ఆడవాళ్ల మధ్య పిక్కలు కొడుతోంది. జీడి సొనకు వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయి ఉంది. తన భర్త గురించి అనగానే ఆమె మొహం విప్పారింది. ఆయన పోయాడు గాని పెద్ద డాక్టర్లకు పాఠమై ఉన్నాడని పక్కనున్న వాళ్లతో గర్వంగా చెప్పింది. ఇద్దరూ బట్టీ వెనక నీడపట్టున కూర్చున్నాక, జోషిత ఏదీ దాచకుండా చెప్పింది.

నీలవేణి తన నల్లబడ్డ వేళ్ల వంక చూసుకుంది.

"నాకు సెప్పింది వేరమ్మా," అంది. "ఫొటో తీసినట్టు తీస్తాం, పిల్ల డాక్టర్లు సూసి నేర్సుకుంటారు అన్నారు. ఆయన పక్కనుంటే ఏలిముద్ర ఏసినాను." ఆగి అడిగింది. "నొప్పుంటాదా?"

"ఉంటుంది."

"ఇన్నేళ్లూ?"

జోషిత తలూపింది. నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి ఆమె కళ్లలో వేరే ఆలోచన మెదిలింది. సూది పొడిస్తే బాగవుతాడు కదా, బాగయ్యాక అక్కడే ఉంచేస్తే తాను అప్పుడప్పుడూ వెళ్లి మాట్లాడుకోవచ్చా అని అడిగింది. పట్టి ఉంచింది ఆ కొద్ది గంటలేననీ, అవి దాటితే నీడ చెదిరి మళ్లీ మొదటికే వస్తుందనీ, జోషిత ఎన్నిసార్లు బాగుచేసినా ఆయనకు తెల్లారదనీ నెమ్మదిగా వివరించింది. మూసేయాలంటే సూది పొడవకుండా ఆఖరిదాకా వదిలేయాలని కూడా చెప్పింది.

"అప్పుడు నానక్కడ లేను," అంది నీలవేణి. "మందులకి బజారుకంపితే ఎల్లినాను. ఒచ్చేసరికి దుప్పటి కప్పీసి ఉన్నాది." పైకి లేచి చీర దులుపుకుంది. "ఈపాలి ఆయన పక్కనుండడానికి ఒస్తానమ్మా."

అంగీకారం వెనక్కి తీసుకుంటున్నట్టు నీలవేణి వేలిముద్ర వేసింది. జోషిత కారణం రాసిచ్చింది. జవాబు ఎవరు చెప్పారో కూడా రాసింది. వైద్య మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. ధ్రువీకరణ పూర్తయ్యేవరకే ఆమె లైసెన్సు చెల్లుతుందని అందులో ఉంది.

ఒక సోమవారం ఉదయం అదే ఖాళీ గదిలో ఇద్దరూ నిలబడ్డారు. నీలవేణికి తొడుగులు పెద్దవయ్యాయి. అద్దాలు పెట్టుకోవడానికి ముందు ఆమె జుట్టు సవరించుకుంది. గాజు కిటికీ అవతల యంత్రం దగ్గర శేషశాయి తానే కూర్చున్నాడు. గంట మోగకుండా తీగ తీసేశాడు.

మంచం కనిపించింది. పైడిరాజు రొప్పుతూ తలెత్తి జోషితను గుర్తుపట్టాడు. తరవాత పక్కకు చూశాడు.

"నీలా," అన్నాడు. చాలాసేపు చూశాడు. "ముసిల్దానివైపోనావేటే?"

"తొమ్మిదేళ్లయినాది మరి, మావా."

"మరి నాను?"

నీలవేణి మంచం మీద కూర్చుని అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. "నువ్వప్పుడే పోనావు," అంది. ఆ మాట ఎలా చెబుతుందోనని దారి పొడవునా జోషిత భయపడుతూనే ఉంది. ఆమె మాత్రం ఇంట్లో ఏదో సంగతి చెప్పినట్టే చెప్పింది.

పైడిరాజు కళ్లు మూసుకున్నాడు. ఆ మాట అతనికి ఎంతవరకు అందిందో తెలియలేదు. జోషిత ఆయాసం తెలియకుండా ఉండే మందు అతని నరంలోకి ఎక్కించింది. కొద్దిసేపటికి భుజాల బిగువు సడలింది. రొప్పడం తగ్గింది గాని పెదాలు నీలంగానే ఉన్నాయి.

"మేళం ఒచ్చినాదా?" అని అడిగాడు.

"నిన్ను తీసుకెల్తన్నప్పుడు మొత్తం ఒచ్చినారు. కాశీబుగ్గ దాకా ఊదుకుంటూ ఒచ్చినారు. నీ క్లారినెట్ అప్పన్న ఊదినాడు."

"ఆడికి పైస్వరం పలకదు."

"పలకనేదు," అని ఒప్పుకుంది నీలవేణి. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకే అతనికి ఊపిరి చాల్లేదు.

కూతురు టెక్కలిలో కాపురం చేసుకుంటోందనీ, మనవడు పుట్టాడనీ, ఇంటి పైకప్పు తుపానుకు లేచిపోతే మళ్లీ వేయించాననీ ఆమె ఒక్కొక్కటే చెబుతూ పోయింది. అతను ఊఁ కొడుతూ విన్నాడు. తరవాత ఊఁ కొట్టడమూ మానేశాడు. మెడ నరాలు ఇంకా ఉబ్బాయి. నాడి దారంలా సన్నబడింది.

పొడుగాటి సూది ట్రేలో జోషిత చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఎక్కడ గుచ్చాలో, ఎంత లోతుకు, ఏ కోణంలో అన్నది ఆమె చేతికి ఇప్పుడు కళ్లు మూసుకున్నా తెలుసు. ఏడాదిగా ఆ చేతులు చేస్తున్న పని అదే, పోతున్న ఊపిరిని పట్టి ఆపడం. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. గోళ్లు తొడుగుల్లోంచి అరచేతుల్లో దిగబడ్డాయి. పైడిరాజు ఒకసారి బలవంతాన కళ్లు తెరిచి ట్రే వంకా, ఆమె వంకా చూశాడు. అందులో బతిమాలడం ఉందో, సరేననడం ఉందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఆ చూపు ఆమెను తరవాత చాలా ఏళ్లు వదల్లేదు.

అతని ఊపిరి ఆగి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగింది. ఈసారి చీకటి పడలేదు. మంచం అలాగే ఉంది, మనిషి అలాగే ఉన్నాడు, చెయ్యి నీలవేణి ఒళ్లో అలాగే ఉంది. గాజు కిటికీ అవతల శేషశాయి లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అంతకు ముందు ఏ నీడనూ ఆయన చివరిదాకా నడపలేదు. అప్పటిదాకా ఆ దృశ్యం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

జోషిత నాడి చూసింది. కళ్లలోకి వెలుతురు వేసి చూసింది. స్టెతస్కోపు గుండెకు ఆనించి, వినడానికి ఏమీ లేదని తెలిసినా నియమం ప్రకారం ఉండాల్సినంతసేపూ విన్నది. అద్దాలు తీసి, బయటి గదిలో బల్ల దగ్గర కూర్చుని మరణ ధ్రువపత్రం రాసి సంతకం పెట్టింది. శేషశాయి ఆ కాగితం అందుకున్నాడు. రేపటి నుంచి ఆమె ఎక్కడా వైద్యం చేయకూడదని చెప్పాల్సిన బాధ్యత ఆయనది. చెప్పాడు. మిగతా నీడల సంగతి చూడడానికి మండలి ఒక కమిటీ వేసిందనీ, ఆ నివేదిక వచ్చేదాకా పరీక్షలు యథాప్రకారం జరుగుతాయనీ కూడా చెప్పాడు. పక్క గది బయట తెల్లకోట్లలో పిల్లలు అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి గోడకానుకుని కళ్లు మూసుకుని ఏదో వల్లెవేసుకుంటోంది. జోషిత ఆమె పక్కనుంచే నడిచి వెళ్లింది. ఆగి ఏమైనా చెప్పాలనుకుంది. ఆగలేదు.

బయట మెట్ల మీద నీలవేణి కూర్చుని ఉంది. ఎండ తీక్షణంగా ఉంది. ఆమె ఏడవలేదు. చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, అందులో ఇంకా ఏదో బరువున్నట్టు కదలకుండా కూర్చుంది. జోషిత వెళ్లి పక్కన కూర్చుంటే కాస్త జరిగి చోటిచ్చింది.

"అమ్మా, పెద్దకర్మం అప్పుడే సేసీసినాం," అంది. "మరిప్పుడు ఇయ్యాల్టి నుంచి లెక్కెట్టాలా?"

జోషిత ధ్రువపత్రంలో తాను రాసిన తారీఖు గుర్తు చేసుకుంది.

"ఇవాళ్టి నుంచే," అంది.

నీలవేణి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. పదకొండో రోజు గురువారం పడుతుందనీ, బట్టీలో సెలవడగాలనీ, కూతురికి ఏం చెప్పాలో తెలియడం లేదనీ అంది. బస్సు వేళ అవుతోందని కొంగు బిగించి లేచింది. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది.

"నువ్వు రావాల మరి," అంది. "ఆఖర్ని ఆయన కాడున్నది మనిద్దరమే గదా."